రెండు కార్లకు ఒక్క కార్బొరేటర్

పోయిన నెలలో ఒక పొద్దున, నంద్యాలలో మా ఇంటి వసారాలో కూర్చుని నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ ఉండగా, ఆళ్లగడ్డ నుంచి చెల్లెలు ఫోను చేసింది. చెల్లెలంటే తోడబుట్టింది కాదు. మా నాయన స్నేహితుడొకాయన, అహోబిలం గుడి పండితుల ఇంటివాడు, ఆళ్లగడ్డలో కాపురముండేవాడు. మేమంతా ఆయన్ను స్వామి అనేవాళ్లం. ఆయన కూతురే ఈమె. ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను అక్కా అని పిలిచింది గనుక నాకు చెల్లెలయింది. ఆదివారం హైదరాబాదు నుంచి పాత కార్లు సేకరించేవాళ్లు వస్తున్నారట, తన దగ్గరున్న కారును తీసుకుపోయి అద్దాల హాల్లో నిలబెడతామంటున్నారట, ఏం జవాబు చెప్పాలో తోచడం లేదట. "అందులో సగం మీ కారే గదక్కా. నిన్నడగకుండా నేనెట్ల జెప్పేది? ఒకసారి వచ్చి పో," అంది. ఆ మాట విన్నాక మిగిలిన చిక్కుడుకాయలు ఎట్లా ముగించానో నాకే తెలియదు.

సగం మీ కారు అంటే ఇప్పటి పిల్లలకు వింతగా ఉంటుంది గానీ, నా ఈడువాళ్లకు కొంచెం చెబితే చాలు. ముందువైపు హ్యాండిలు పెట్టి తిప్పితే గానీ మేలుకోని కార్లను మీరు చూసే ఉంటారు. మలుపు వచ్చినప్పుడు తలుపు పక్క చీలికలోంచి చిన్న ఎర్రటి రేకుచెయ్యి ఒకటి బయటికొచ్చి, తిరగడం అయిపోగానే బుద్ధిగా లోపలికి పోయేది. దాన్ని చూడడానికే మా వీధి పిల్లలు మలుపుదాకా పరుగెత్తేవాళ్లు. దొరల దేశంలో తయారైన అట్లాంటి సీమకారు, ఎడ్లబండి పక్కన నిలబెడితే ఎడ్లే పెద్దగా కనబడేంత చిన్నది. మాకు తెలివొచ్చేసరికే దాన్ని తయారుచేయడం మానేశారు. మా చుట్టుపక్కల అట్లాంటివి రెండే రెండు ఉండేవి: నంద్యాలలో మాది బూడిదరంగుది, ఆళ్లగడ్డలో స్వామిది నల్లది.

మా తాత మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడి డాక్టరు దొరసానమ్మ తన దేశానికి వెళ్లిపోతూ కారును ఆయన చేతిలో పెట్టి పోయింది. ఆయనకు నడపడం రాదు, నేర్చుకోవాలనీ అనుకోలేదు. ఆదివారం గుడికి పోయొచ్చాక అందులో కూర్చుని బైబిలు చదువుకునేవాడు. నడపడం మా నాయనతో మొదలయింది. నాయన బడిపంతులు, లెక్కలు చెప్పేవాడు. బళ్లో ఎంత కోపిష్టో కారు దగ్గర అంత శాంతస్వభావుడు, కారును తుడిచినంత నెమ్మదిగా మమ్మల్ని ఏనాడూ తుడిచి ఎరగడని మా అమ్మ దెప్పేది.

నాయనకూ స్వామికీ పరిచయమైన తీరు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. శిరివెళ్ల దాటాక నడిరోడ్డు మీద రెండు కార్లూ ఎదురుపడ్డాయి. ఇద్దరూ తమ కారు లోకంలో ఒక్కటే అనుకుంటూ బతుకుతున్నవాళ్లు. ఉన్నపళాన ఆపేశారు. వెనక బస్సువాడు హారను కొట్టీ కొట్టీ విసిగిపోయాడు. వీళ్లు దిగి, పేరు లేదు, ఊరు లేదు, ఒకరి బానెట్టు ఒకరు ఎత్తి లోపల తలలు దూర్చేశారు. వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చున్న నాకు కనబడింది నాయన వీపూ, ఆ పక్కన పంచె, పిలకా మాత్రమే. చాలాసేపటికి తల బయటికి తీసి, "మీదాంట్లో చమురు కారుతాదా సారూ?" అని స్వామి అడగడం, "కారకపోతే అది మనది కాదు స్వామీ," అని నాయన అనడం, అదే వాళ్ల తొలి పలకరింపు.

ఆ తర్వాత రాకపోకలు పెరిగాయి. స్వామి మా ఇంటికొస్తే పండ్లు తప్ప మరేమీ ముట్టేవాడు కాదు. ఆ మాట మీద అమ్మకు కొంచెం కినుక ఉండేది గానీ, ఆయన వస్తాడని తెలిస్తే తానే బజారుకు పోయి మంచి అరటిపండ్లు ఏరుకొచ్చేది. ఆయన దివ్యప్రబంధం చదువుకున్నవాడు, మా నాయన బైబిలు వాక్యం చదువుకున్నవాడు. ఆ రెంటి గురించీ వాళ్లు మాట్లాడుకోగా నేను వినలేదు. ఎంతసేపూ గేరు ఎందుకు కీచుమంటోంది, నీళ్లు ఎందుకు మరుగుతున్నాయి, ఇదే ముచ్చట. ఒక ఇనుప వస్తువు మీద ఇద్దరు పెద్దమనుషులకు అంత మక్కువ ఎందుకో నాకు అప్పుడూ అంతుపట్టలేదు. ఇప్పటికీ దాన్ని గురించి ఆలోచిస్తూనే ఉంటాను.

అట్లా ఉండగా స్వామి కారులో కార్బొరేటర్ పగిలింది. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించేది అదే కదా, అది లేకపోతే కారు కదలదు. మద్రాసు దాకా పోయి వెదికినా దొరకలేదు. నంద్యాలలో మా మెకానిక్ భాయ్ వేరే కారుది తెచ్చి బిగించి చూపించాడు. నడిచింది కూడా. కానీ ఇద్దరూ దాని చప్పుడు విని, కానివాళ్లను ఇంట్లోకి తెచ్చుకున్నట్టు మొహాలు పెట్టారు. మర్నాడే ఊడదీయించారు. నాయన తన కారులోది విప్పి, తడిగుడ్డతో తుడిచి, అమ్మ అన్నం క్యారియర్లో పెట్టి స్వామికిచ్చాడు. ఆళ్లగడ్డలో పనయ్యాక అదే క్యారియర్లో తిరిగొచ్చింది.

ఇక అదే ఆనవాయితీ అయింది. మాకు క్రిస్మసూ, ఈస్టరూ, మా వాళ్ల పెళ్లిళ్లూ. వాళ్లకు అహోబిలం ఉత్సవాలూ, ఏకాదశులూ. ఎవరికి పని పడితే వాళ్లకు క్యారియర్ బస్సులో ప్రయాణమై పోయేది. పెట్రోలు వాసనకు బస్సంతా గగ్గోలు పెడితే, "సారుగారి కారు ఊపిరిలే, ఊరికే ఉండండి," అని కండక్టరే సర్దిచెప్పేవాడు. రెండే కట్టుబాట్లు ఉండేవి. వాడుకున్నవాళ్లు శుభ్రంగా కడిగి ఆరబెట్టి పంపాలి. అడిగినవాళ్లను ఎందుకని అడగకూడదు. మా అమ్మ క్యారియర్లో మళ్లీ అన్నం పెట్టే యోగం రాలేదు. ఆ సంగతి ఆమె పోయేదాకా మరవలేదు.

కార్బొరేటర్ ఆళ్లగడ్డలో ఉన్నన్నాళ్లూ మా కారు ఊరికే నిలబడేది. ఒకేచోట నిలబడితే టైర్లు ఒక పక్కకు అణిగిపోతాయని నాయన మాచేత వారం వారం దాన్ని వీధి చివరిదాకా తోయించేవాడు. తాను లోపల కూర్చుని, మలుపు దగ్గర ఆ ఎర్రచెయ్యిని కూడా చూపించేవాడు. "ఏం సారూ, యాడికి పయనం?" అని ఇరుగుపొరుగు ఎగతాళి చేస్తే, "ఈడికే," అని దర్జాగా జవాబు చెప్పేవాడు. చెమటలు కక్కేది మేము, దర్జా ఆయనది.

క్యారియర్ తెచ్చేటప్పుడు స్వామి వెంట ఆయన కూతురు కూడా వచ్చేది. నేను టీచర్ ట్రైనింగ్ ముగించి గోస్పాడు బళ్లో కొత్తగా చేరిన రోజులవి. ఆమె అప్పుడే కాలేజీ చదువు పూర్తిచేసింది. మేమందరం వసారాలో కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటే ఆమె పరికిణీ దోపుకుని కారు కిందికి దూరేది. స్వామి ఇంటి పెద్దవాళ్లకు అది నచ్చేది కాదు, పెళ్లి కావలసిన పిల్ల చేతులకు ఆ నల్లటి జిడ్డేమిటని. ఆమె వినిపించుకునేది కాదు. ఇంజను మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, రోగి నాడి చూసినట్టు వింటూ ఉండేది. మా నాయన మాటలాపి ఆమెనే చూస్తుండడం నేను గమనించాను గానీ, ఎందుకో అప్పుడు తెలియలేదు.

కొన్నేళ్లకు ఒక వానాకాలం కుందూ ఏరు పొంగి మా వీధిలోకి నీళ్లొచ్చాయి. కారు తలుపుల దాకా మునిగింది. ఇంజనును భాయ్ విప్పి కడిగి బతికించాడు గానీ, నీళ్లు తీశాక అడుగు రేకులూ, వాటిని మోసే చాసిసూ పొరలు పొరలుగా తుప్పుపట్టి రాలిపోవడం మొదలుపెట్టాయి. ఆ తర్వాతి ఏడే అహోబిలం దారిలో స్వామి కారు ఇంజను లోపల క్రాంకు విరిగింది. వాళ్ల కారు ఒళ్లు గట్టిది, ఇంజను పోయింది. మా కారు ఇంజను గట్టిది, ఒళ్లు పోయింది. భాయ్ రెండూ చూసి, "రెండు కలిపి ఒకటి చేస్తా సార్. బండి యాడ నిలబెట్టాలో మీరే జెప్పండి," అన్నాడు.

అంతవరకు వారం వారం కలుసుకునే ఇద్దరూ ఆ మాట తర్వాత ఒకరింటికి ఒకరు పోవడం మానేశారు. తనకు కావాలని అడగడానికి ఇద్దరికీ నోరు రాదు, నీకే ఉండనీ అనడానికి మనసు రాదు. నాయన రోజూ సాయంత్రం రాలుతున్న తుప్పును చీపురుతో ఎత్తి పోసి, కారు పైభాగాన్ని మాత్రం తళతళలాడేట్టు తుడిచేవాడు. పక్కన నిలబడి చూడలేక నేను లోపలికి పోయేదాన్ని. ఇంజను ఇచ్చేస్తే మా ఇంటి కారు లేనట్టే. అది తాత చేతికి వచ్చిన కారు, మా అమ్మ నన్ను కనడానికి ఆసుపత్రికి పోయిన కారు.

ఒక సాయంత్రం నాయన నన్ను పిలిచి అడిగాడు, తన తర్వాత కారును చూసుకుంటావా అని. చూసుకుంటాను నాయనా, మన కారును యాడికీ పోనీయను అన్నాను. నిజంగానే అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు చూస్తావు, నాకు తెలుసు. నా కోసం చూస్తావు. స్వామి కూతురుందే, ఆ పాప కారు కోసం చూస్తాది. నేను లేకపోతే నీకు దాంతో పనేముంది?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. కన్న కూతుర్ని పక్కనపెట్టి పరాయి పిల్లను ఎంచుకున్నాడని ఆ రాత్రి అన్నం తినలేదు. అమ్మ మాత్రం, మీ నాయన లెక్కలు తప్పడులే అని ఊరుకుంది.

మర్నాడే ఇంజనును ట్రాక్టరు ట్రాలీలోకి ఎక్కించారు. కింద వరిగడ్డి పరిచి, పైన మా ఇంటి దుప్పటి కప్పి, నాయన కూడా ట్రాలీలోనే కూర్చున్నాడు. శిరివెళ్ల మీదుగా ఎండలో దాని మీద చెయ్యి వేసుకునే పోయాడట. ఆళ్లగడ్డలో స్వామి ఎదురొచ్చి, ఇదేంది సారూ, నేనడగలేదే అన్నాడట. మీ పాపకిస్తాండా, మీకు గాదులే స్వామీ అన్నాడట నాయన. ఇదంతా చెల్లెలే తర్వాత నాకు చెప్పింది. తాను ఆ మాట విని ఏం చెయ్యాలో తెలియక కారు కిందికి దూరి ఏడ్చిందట. మిగిలిన మా కారు తలుపులూ, అద్దాలూ, వెనక సీటూ కూడా ఒకటొకటిగా అక్కడికే చేరాయి. నాయన ఉన్నన్నాళ్లూ వీలు దొరికినప్పుడల్లా బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి, దాని చప్పుడు విని వచ్చేవాడు.

నా కోపం కరగడానికి చాలాకాలం పట్టింది. నాయన పోయి, స్వామి పోయి, చెల్లెలు పెళ్లయి ఆళ్లగడ్డలోనే అత్తగారింటికి పోతూ కారును కూడా వెంట తీసుకుపోయి, పిల్లలను కని, పెంచి, మోకాళ్లు పట్టేసి, ఇప్పటికీ వారానికొకసారి దాన్ని చాగలమర్రి దాకా నడిపి తీసుకొస్తోందంటే నాయన లెక్క సరైనదేనని ఒప్పుకోక తప్పలేదు. ఇప్పుడు ఫోన్లో వెదికి దొరల సీమ నుంచి సామాన్లు తెప్పించుకుంటుంది. కొత్త కార్బొరేటర్ కూడా వచ్చిందట, అట్టపెట్టెలో, ఇంటి గుమ్మానికే. ఎవరినీ అడిగే పనిలేదు.

ఆదివారం నేను పోయేసరికి హైదరాబాదు వాళ్లు వచ్చి ఉన్నారు. మర్యాదస్తులే, వంక పెట్టడానికేమీ లేదు. చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నారు, తలుపు మీద చెయ్యి వేసి నిలబడి తీయించుకున్నారు. వాళ్ల హాల్లో దానికి వాన తగలదు, ఎండ తగలదు, పెట్రోలంతా తోడేసి, టైర్లు అణగకుండా కింద దిమ్మెలు పెట్టి, రోజూ తుడిపిస్తామన్నారు. నడుపుతారా అని చెల్లెలు అడిగింది. నడిపితే అరిగిపోతుంది కదమ్మా అన్నారు. బానెట్టు ఎత్తి చూపించమని ఒక్కరైనా అడుగుతారేమోనని నేను కాచుకుని ఉన్నాను. అడగలేదు.

వాళ్లు భోజనానికి పోయాక మేమిద్దరం కారులో కూర్చున్నాం. "నా తర్వాత ఎవరక్కా? మా పిల్లోళ్లకు దాని తలుపు తీసేది గూడా రాదు. మీ ఇంట్లో ఎవరన్నా ఉండారా?" అంది. మా వాళ్లనందరినీ మనసులో ఒక్కొక్కరిగా పిలిచి చూసుకున్నాను. కొడుకు, కోడలు, తమ్ముడి పిల్లలు, మనవలు. బంగారంలాంటి వాళ్లు, అడిగితే ఒక్కరూ కాదనరు. "ఉండారు గానీ పాపా, నా మొగం చూసి సరే అంటారు," అన్నాను. ఆమె తలూపింది. సాయంత్రం హైదరాబాదు వాళ్లకు ఇవ్వనని చెప్పి పంపేసి, కాళ్లు సహకరించినంతకాలం తిరగనీలే అక్కా అంటూ నన్ను బస్టాండులో దింపింది.

బస్సులో కూర్చుని దారి పొడుగునా ఇదే ఆలోచించాను. మా నాయన రోజుల్లో ఆ కారును ఎవరూ వచ్చి అడగలేదు, ఫొటో తీసుకున్నవాళ్లు లేరు, రోడ్డు మీద ఆగిపోతే నవ్వినవాళ్లే ఎక్కువ. అయినా ఆయనకు, ఇవ్వాలనుకున్న రోజున, చేతుల్లో పెట్టడానికి ఒక మనిషి కనబడింది. ఇప్పుడు కారు ఉంది, సామాన్లు దొరుకుతున్నాయి, అడిగేవాళ్లు వెదుక్కుంటూ ఇంటికొస్తున్నారు. ఇవ్వడానికి మాత్రం ఆమెకు మనిషి కనబడడం లేదు.