రత్నం సార్ ఊడదీసిన తీగ

పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన హార్డ్ డిస్కుకు రత్నం సార్ ప్రాణం పోశారని ఆండర్సన్‌పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం. మొన్న మా ఇంట్లో కంప్యూటరు మొరాయిస్తే పక్క రేకు విప్పాను. లోపలి నుంచి వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఆయన గది గుర్తొస్తుంది. అదే సమయానికి చక్కెర కోసం వచ్చిన పక్కింటావిడ, "మీ సార్ ఉండింటే మంత్రమేసి సరిచేసుండేవాడు కదమ్మా" అంది. చక్కెర ఇచ్చి, అరగంట వాదించి పంపాను. వాదించడం నాకు కొత్త కాదు. కానీ ఈ సంగతిలో ఊరుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది. ఆయన ఏ డిస్కునూ బతికించలేదు. చావకుండా చూశారు, అంతే. ఆ తేడా ఎవరికీ పట్టదు. దానికి కొంత కారణం నేనే.

యేసురత్నం సార్ కోలారు బంగారు గనిలో కరెంటు పని చేసినవారు. గనులు మూసేశాక చాలామంది తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోసాగారు. ఆయన మాత్రం ఆటోస్టాండు ఎదురుగా ఒక గది తీసుకుని మొదట ఫ్యాన్లు, మిక్సీలు, తర్వాత కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు పుస్తకం నాకన్నా నెమ్మదిగా చదివేవారు, కానీ ఒక్క వాక్యం వదిలేవారు కాదు. నేను రాయల్పాడులో పుట్టి, కోలారులో బీఎస్సీ చదివి, పెళ్ళై ఇక్కడికి వచ్చినదాన్ని. టైపు పని ఉందేమో అడుగుదామని వెళ్తే ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"ఏం తెలుసమ్మా నీకు?"

"కంప్యూటర్ తెలుసు సార్. కాలేజీలో నేర్చుకున్నా."

"లోపల చూసినావా?"

"టైపు చేసేదానికి లోపలెందుకు చూడాల?"

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టారు. "విప్పు. ఏది యాడుండాదో చూసి నాకు చెప్పు. కరెంటు ఇచ్చేది రేపు." ఆ రోజంతా నేను ఒక్క అక్షరం టైపు చేయలేదు. ఇంటికి వెళ్ళి మా ఆయనతో, ఆ మనిషికి పిచ్చి అని చెప్పాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

ఆ గదిలో అసలు పని నడిచే కంప్యూటరు ఒక్కటే. దానిలో మూడు డిస్కులు. మొదటిదాంట్లో విండోస్, రెండోదాంట్లో మేం టైపు చేసిన పనులన్నీ, మూడోది ఖాళీ. విండోసు లాంటిదే ఇంకో సిస్టం, లినక్సు, నేర్చుకోవాలని ఆయన కొని పెట్టుకున్నది. రెండోదీ మూడోదీ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, చూడ్డానికి కవలలు. ఒకరోజు ఆయన, "నీ గోళ్ళ రంగు తీసుకురా అమ్మా" అన్నారు. నాకు అర్థం కాలేదు. తెచ్చి ఇస్తే డిస్కుల మీద ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు పెట్టారు. "కంప్యూటరు దానిష్టానికి పేరు పెడతాది. విండోసులో ఒకటి, లినక్సులో ఇంకొకటి. తీగ మార్చినావంటే అదీ మారతాది. దాని లెక్క నమ్మొద్దు, చుక్క నమ్ము."

దానికన్నా పెద్ద నియమం మరొకటి ఉండేది. కొత్త సిస్టం ఎక్కిస్తే ఆ డిస్కులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి ఎక్కించేటప్పుడు పోకూడని సరుకు ఉన్న డిస్కు తీగలు ఊడదీసి, వాటికి అట్టముక్క కట్టి, కట్టినవాళ్ళ పేరు రాయాలి. పేరున్నవాళ్ళే ఆ తీగ మళ్ళీ తగిలించాలి. ఇది ఆయనకు ఏ కంప్యూటరు పుస్తకమూ చెప్పలేదు. గనిలో ఏదైనా మోటారు విప్పాలంటే, ఎవరూ పొరపాటున కరెంటు ఇవ్వకుండా ముందు దాని ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, స్విచ్చు దగ్గర తన పేరున్న అట్ట తగిలించి వెళ్ళేవారట.

"స్విచ్చు కాడ మనిషి ఉంటాడు కదా సార్?"

"ఉంటాడు. మంచోడే. మంచోడు మర్చిపోడా?"

"ఈడ ఎవరూ చచ్చిపోరు లెండి."

"ఏది చచ్చిపోతాదో ముందే తెలిస్తే ఇంగ అట్ట ఎందుకమ్మా?" అన్నారు. నేను మాట మార్చాను. మాట మార్చడమంటే నేను ఓడిపోయానని ఆయనకు తెలుసు.

ఇంతలో మేరీ అక్క వచ్చింది. గని కార్మికుడి భార్య, భర్త పోయి చాలాకాలమైంది. గనివాళ్ళు కట్టించిన ఇళ్ళను వాటిలో ఉంటున్నవాళ్ళకే రాసివ్వమని అర్జీ పెట్టుకోవడానికి వీధివీధికీ తిరిగి పేర్లు పోగుచేస్తోంది. ఎవరు ఏ ఇంట్లో, ఎప్పటి నుంచి, ఎవరి తర్వాత ఎవరు ఉంటున్నారో నోటిమాటగా అడిగి రాసుకుని తెచ్చేది. నేను జాబితాగా టైపు చేసేదాన్ని. నాలుగు నెలలు పట్టింది. చేసిన కాగితం చేసినట్టు చించేసేదాన్ని. కంప్యూటర్లో ఎక్కాక కాగితమెందుకని నా వాదన. సీడీలో ఒక నకలు పెట్టమని సార్ రెండుసార్లు చెప్పారు. అన్నీ పూర్తయ్యాక ఒకేసారి పెడతానన్నాను.

అర్జీ ఇవ్వాల్సింది సోమవారం. శనివారం పొద్దున విండోసుకు వైరస్ పట్టి, జాబితా తెరిచిన ప్రతిసారీ కంప్యూటరు బిగుసుకుపోయింది. ఖాళీ డిస్కులో లినక్సు ఎక్కించి దాన్నుంచి జాబితా తెరిచి ప్రింటు తీద్దామన్నాను. ఆయన సరేనన్నారు.

"తీగ ఊడదీసి చెయ్యి."

"ఏ డిస్కులో ఎక్కించాలో అదే అడుగుతాది సార్. తీగలు పీకేది మోటార్ల కాలం."

"అడిగితే సరిగ్గా చెప్తావా?"

"బీఎస్సీ చదివినా సార్, ఆమాత్రం చెప్పలేనా?"

నేను విసవిసా ఇంటికి వెళ్ళి భోంచేసి వచ్చేసరికి ఆయన గదిలో లేరు. బడిలో ఫ్యాన్లు చూడ్డానికి వెళ్ళారని పక్క కొట్టువాడు చెప్పాడు. రేకు విప్పి చూడాలన్న ఆలోచనే రాలేదు. సీడీ పెట్టి మొదలుపెట్టాను. ఏ డిస్కులో ఎక్కించాలని అడిగింది. తెర మీద రెండు పేర్లున్నాయి. మూడు డిస్కులకు రెండే పేర్లెందుకున్నాయో నేను లెక్కపెట్టలేదు. కోపంలో ఉన్నాను. కిందిదే ఖాళీదనుకుని, అంటే వరసలో రెండోదాన్ని, మొత్తం తుడిచి ఎక్కించమన్నాను.

అంతా అయ్యాక జాబితా కోసం వెతికితే ఆ డిస్కే లేదు. అప్పుడు లెక్కపెట్టాను. మొదటిది విండోస్, రెండోది జాబితా. నేను తుడవమన్నది రెండోదాన్ని. అదే క్షణంలో మేరీ అక్క ప్రింటు తీసుకెళ్ళడానికి సంచీతో లోపలికి వచ్చింది. నా ముఖం చూసి గడప దగ్గరే ఆగింది.

"ఏమైందే?"

"అంతా తుడిపేసినా అక్కా."

"అయ్యో ఏసప్పా! మళ్ళీ ఎవరినడిగేది? గోవిందమ్మ అవ్వ పోయి నెలాయ, ఆమె చెప్పింది ఇంగెవరు చెప్తారు?" అని కింద కూర్చుండిపోయింది.

సార్ వచ్చేసరికి ఇద్దరం అలాగే ఉన్నాం. జరిగింది చెప్పాను, తప్పు నాదేనని కూడా. ఆయన కరెంటు ఆపి, రేకు విప్పి, "రా, చూడు" అన్నారు. రెండు చుక్కల డిస్కు తీగలు రెండూ ఊడి పక్కన వేలాడుతున్నాయి. వాటికి కట్టిన అట్టముక్క మీద ఆయన పేరు. నేను తుడిచింది మూడు చుక్కలదాన్ని. రెండోది ఊడి ఉంది కాబట్టే మూడోది వరసలో రెండోదైంది.

తీగ తగిలించడానికి చెయ్యి చాపితే నా చెయ్యి పక్కకు జరిపారు. "పేరు ఎవరిది?" అని, అట్ట తనే విప్పి తనే తగిలించారు. జాబితా తెరుచుకుంది. గోవిందమ్మ అవ్వ పేరు తెర మీద కనిపించగానే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మేరీ అక్క లేచి కంప్యూటరుకే దండం పెట్టింది. "పోయినదాన్ని లేపినావు సారూ!" అంటూ సంచీ అక్కడే వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. కథ పుట్టింది అలాగే. సోమవారం అర్జీ ఇచ్చాం. గుమాస్తా ముద్ర వేసి తీసుకున్నాడు.

తర్వాత చాలాసార్లు ఆయనతో పోట్లాడాను. "నిజం చెప్పచ్చు కదా సార్, మీరేమీ బతికించలేదని?"

"చెప్తే నీ తప్పు చెప్పాల్సొస్తాది" అన్నారు ఒకసారి, స్క్రూ బిగిస్తూ. మళ్ళీ నేను ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆయన లేరు. అందుకే నా తప్పు నేనే చెప్పేస్తున్నాను. చెప్పాక ఒళ్ళు తేలికైంది. ఈరోజుకీ నా మాట మీద నాకు మరీ గట్టి నమ్మకం కలిగినప్పుడే లేచి వెళ్ళి ముందు తీగ ఊడదీస్తాను. అయితే ఒక్క సంగతి ఆయన్ని అడగకుండా వదిలేశాను. ఆ శనివారం ఆ తీగ ఎందుకు ఊడదీశారు? ఎవరి పనికైనా చేసినట్టుగానా? లేక బీఎస్సీ చదివానని నేను విసురుగా వెళ్ళిపోతే నా మాట నమ్మకనా?