చేతులు వెనక్కి కట్టుకుని చెప్పిన పాఠం

జర్మనీలోని లైప్‌జిగ్‌లో మసాజ్ థెరపిస్టుగా పనిచేసి పనిచేసి నా బొటనవేళ్ళ కీళ్ళు అరిగిపోయాయి. డాక్టరు ఎక్స్‌రే చూసి ఈ పని మానేయమన్నాడు. వేరే పని నాకు రాదు. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకుంటే, "ఇగ చాలు. ఆ వేళ్ళు పోతే అన్నం ఎట్ల కలుపుతవ్?" అన్నాడు. ఆయన ప్రేమ ఎటు తిరిగినా అన్నం దగ్గరే తేలుతుంది.

మిగిలిన దారి ఒకటే. పనిలో ఉన్న థెరపిస్టులకు ఫోర్ట్‌బిల్డుంగ్, అంటే పనితనం పెంచే క్లాసులు చెప్పాలి. అందుకు గుర్తింపు కావాలంటే పరీక్షకుల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. బల్ల మీద పడుకునే మనిషిని మనమే వెంటబెట్టుకెళ్ళాలి.

ఒక ముసలావిడను అడిగాను. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. ఏళ్ళ తరబడి ప్రతి మంగళవారం నా దగ్గరికే వచ్చేది. ఒకసారి భుజాలు రుద్దుతుంటే, "నన్ను ముట్టుకునే మనిషి ఇప్పుడు మీరొక్కరే" అంది, బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా. నేను నెగ్గితే ఆ మంగళవారాలు ఉండవని ఇద్దరికీ తెలుసు. అయినా మంచి స్వెటర్ వేసుకుని నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

నాకు అప్పగించిన విద్యార్థి నాకంటే పెద్దవాడు, చేతులు రోకలిబండల్లా ఉన్నాయి. "మీరు ముట్టుకోకూడదు, మాటలతోనే నేర్పాలి" అంది పరీక్షకురాలు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. బరువు వేళ్ళ మీద వేయొద్దన్నాను, బల్ల మీదున్న ముసలావిడ ఊపిరి వదిలినప్పుడే నొక్కమన్నాను. ఎన్నడూ లేనిది నా జర్మన్ ఎక్కడా తడబడలేదు. నాకు నేనే ముద్దొచ్చాను.

చివర్లో పరీక్షకురాలు వంగి, ఎక్కడైనా నొప్పి పుట్టిందా అని ముసలావిడను అడిగింది. బోర్లా పడుకున్న ఆవిడ ముఖం బల్లకున్న రంధ్రంలో ఉంది.

"లేదు. హాయిగా ఉంది."

గుర్తింపు ఇస్తున్నామని అప్పటికప్పుడే చెప్పారు. ముసలావిడా నేనూ ట్రామ్ స్టాపుకు నడిచి బెంచీ మీద కూర్చున్నాం.

"నొప్పి పుట్టింది," అంది ఆవిడ రోడ్డు వైపు చూస్తూ. "చెబితే మిమ్మల్ని ఫెయిల్ చేసేవాళ్ళు. మీరు నాకు ఉండిపోయేవారు. చెబుదామనే అనుకున్నాను."

ఆవిడ మీద కోపం రాలేదు. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. కాసేపటికి, నొప్పి ఎక్కడని అడిగాను. ఎడమ భుజం కింద చూపించింది. బొటనవేళ్ళు ఏమైతే అయ్యాయని కోటు మీదుగానే అక్కడ అదిమి పట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుంది.

ట్రామ్ వచ్చింది, వెళ్ళిపోయింది. ఇంకోటీ వచ్చింది. ఇద్దరం లేవలేదు.