జిల్లేడాకు వెనక

రథసప్తమి పొద్దున్న రాయగడ బజారులో జిల్లేడాకులు కొన్నాను. తొడిమల్లోంచి కారిన పాలు వేళ్లకు జిగురుగా అంటుకున్నాయి. ఆ పచ్చివాసన తగలగానే భానుమతి టీచరమ్మ గుర్తొచ్చి, ఆకు తిరగేసి చూశాను. అమ్మేవాడు నవ్వాడు. "నెత్తిమీద ఎట్టుకోడానికే కదా అక్కా, ఎటేపైతే ఏటి?"

టీచరమ్మ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. వాళ్ల పెద్దలు జమీందారీ ఎస్టేటు కచేరీలో పనిచేశారట. ఎస్టేటు పోయినా ఆవిడ గొంతులో అధికారం పోలేదు. నేను చిన్నప్పుడే బడికి దండం పెట్టేసి, మునిసిపాలిటీ పనిలో చేరినదాన్ని. వాటర్‌ట్యాంకు వెనక పిచ్చిమొక్కలు కొట్టమని పంపితే, కత్తి ఎత్తేసరికి టీచరమ్మ గొడుగు అడ్డం పెట్టింది.

"అమ్మీ, అది జిల్లేడు. ముట్టుకోకు."

"మేకైనా ముట్టదు కదా మేడమ్, దీనికి కాపలా ఏటి?"

"మేక ముట్టనిదే తినే పిల్లలున్నారు. ఇలా రా."

ఆకు వెనక గుండుసూది తలంత తెల్లటి గుడ్డు. పక్క ఆకు మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీల పురుగు, పెళ్లి బ్యాండువాడి కోటు తొడుక్కున్నట్టు. జిల్లేడు చేదు దాని ఒంటికి పట్టి, సీతాకోకచిలుకై రెక్కలొచ్చాక కూడా పిట్టలు దాని జోలికి రావట. "అయితే మీరూ ఈ ఆకులే తింటారన్నమాట. మీ జోలికీ ఎవరూ రారు" అన్నాను. గొడుగుతో ఒకటి తగిలించి, తర్వాత నవ్వింది. ఆ రోజునుంచి పనికెళ్లేముందు ఆకులు చూడడం నా వంతు. నారింజరంగు సీతాకోకచిలుకలను ఆవిడ వలతో పట్టి, రెక్కమీద సిరాచుక్క పెట్టి వదిలేది, మళ్లీ ఇక్కడికే వస్తాయో లేదో చూడడానికి. అత్తారింటికి పంపేముందు పిల్లకు బుగ్గచుక్క పెట్టినట్టుండేది.

రథసప్తమినాడు తలస్నానానికి, ఒడిశాలో ఉన్నా, మా ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఆ ఆకులే. టీచరమ్మ వద్దనేది కాదు, కానీ ఎవరినీ తెంపనిచ్చేది కాదు. తానే ఒక్కొక్క ఆకూ తిరగేసి, గుడ్డు లేనిది చూసి ఇచ్చేది. చలిలో ఆడవాళ్ల వరస గోలపెట్టేది. "బేగి ఇయ్యండమ్మా, సూర్యుడు నెత్తిమీదికొచ్చేత్తన్నాడు!" నేను సర్దిచెప్పేదాన్ని: "ఆగు పిన్నీ, ఆకులకి కానుపు పరీక్ష జరుగుతోంది."

ఆ జాగా ఎప్పుడు ఎవరి పాలవుతుందోనని ఆవిడ బెంగ. సీతాకోకచిలుకలకు వదిలేయమని ఆఫీసు చుట్టూ తిరిగింది. చివరికి సరేనన్నారు. నాకు మిఠాయి పెట్టి, కంటి ఆపరేషనుకు విశాఖ వెళ్లింది. ఆవిడ వచ్చేలోపే జేసీబీ వచ్చింది.

"సార్, పిల్లలున్నాయి సార్, జిల్లేళ్లు పీకొద్దు" అని సూపర్‌వైజరుకు అడ్డం పడ్డాను.

"సీతాకోకచిలుకల పార్కు కడుతున్నాం. పురుగులుంటే జనం వస్తారా? నీ జోకులు తర్వాత."

నేను జోకు వేయని రోజు అదొక్కటే.

కాదన్నవాళ్లతో టీచరమ్మ పోట్లాడగలిగేది. సరేనన్నవాళ్ల చేతిలో ఓడిపోయింది. నల్లకళ్లద్దాలతో వచ్చి గేటు బయటే నిలబడింది. లోపల సిమెంటు పలకలు, నర్సరీ పూలకుండీలు. గేటుమీద మనిషంత ఇనుప సీతాకోకచిలుక.

"ఇది గుడ్లు పెట్టదు కదా అమ్మీ" అంది.

ప్రారంభోత్సవానికి ఆవిడ రాకపోతే శాలువా ఇంటికి పంపారు. మరుసటి రథసప్తమికి ఆవిడే లేదు.

ఇంటికొచ్చి, మా అమ్మాయి తలమీద పెట్టేముందు ఆకులన్నీ మళ్లీ తిరగేశాను. "ఏటమ్మా ఎతుకుతన్నావు? నీళ్లు సల్లారిపోతన్నాయి" అంది. పురుగు కొరికిన చిల్లు ఒక్కటైనా లేదు, ఒక్క మచ్చయినా లేదు. అంత శుభ్రమైన ఆకులు టీచరమ్మ ఎప్పుడూ ఇచ్చి ఎరగదు. పిల్ల నెత్తిన పెట్టి నీళ్లు పోశాను.