స్తోత్రం ముందు, నౌకరీ తర్వాత

మా శాంతరాజుకు ఒకటే జబ్బు. క్లాస్‌మేట్ల కబురు ఏది విన్నా, దానికో ప్రమోషన్ తగిలించనిదే బయటికి వదలలేడు.

బీదరులో ఇరవైరెండు మందిమి కలిసి బీకాం చదివాం. హైదరాబాద్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులు కదా, చదువు కాగానే చాలామందిమి సంచి సర్దుకొని బస్సెక్కేశాం. శాంతరాజు మాత్రం బస్టాండు దగ్గర జిరాక్స్ మిషనూ ఎస్టీడీ ఫోనూ పెట్టుకొని కూర్చున్నాడు. వచ్చేవాడు, పోయేవాడు అతని దుకాణం ముందు ఆగాల్సిందే. అందుకే ఎవరి సంగతైనా వాళ్ల ఇంట్లోకన్నా ముందు అతనికి తెలిసేది.

ఆదివారం మా చర్చిలో సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గినవాళ్లు, పిల్లలు పాసైనవాళ్లు లేచి దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటారు. శాంతరాజు లేచాడంటే పాస్టరయ్య గడియారం వైపు చూసేవాడు. పాడైన జిరాక్స్ కాగితం వెనకవైపు రాసుకొచ్చిన జాబితా విప్పి మొదలుపెట్టేవాడు.

"మా క్లాస్‌మేట్ శ్రీశైల్ అగ్రికల్చర్ డైరెక్టర్ అయిండు. దేవునికి స్తోత్రం!"

శ్రీశైల్ హళ్ళిఖేడ్‌లో వాళ్ల నాయన చెరుకు తోటకు నీళ్లు కడుతున్నాడు. ఆ వారమే ఒక పెద్దాయన సబ్సిడీ కాగితం పట్టుకొని సంతకం కోసం వాళ్ల పొలం గట్టు మీదికి వెళ్లాడు. పాపం శ్రీశైల్ మోటారు ఆపి వచ్చి, అంత దూరం వచ్చినాయన్ని ఉత్త చేతులతో పంపలేక రెండు చెరుకు గడలిచ్చి సాగనంపాడు.

దాంతో మా చర్చివాళ్లు తెలివి మీరారు. శాంతరాజు ఏ ఉద్యోగం చెప్పినా ఒక మెట్టు తగ్గించి వినేవాళ్లు. ఈ లెక్కలో ఘనుడు ముందు బల్ల మీద కూర్చునే అబ్బయ్య మామ. కొంచెం చెవుడు కాబట్టి, ఆయన తనలో తాను అనుకునేది చర్చంతా వినబడేది.

"మన సోనీ ప్రిన్సిపాల్ అయింది. స్తోత్రం!"

"అంటే టీచరు," అనేవాడు అబ్బయ్య మామ.

"జీవరాజ్ మేనేజర్ అయిండు!"

"సూపర్‌వైజరు."

సెలవుకు ఊరొచ్చినప్పుడల్లా అందరితో పాటు నేనూ కడుపుబ్బ నవ్వేవాణ్ణి, నా వంతు వచ్చేదాకా.

ఆ అబ్బయ్య మామ కూతురు లీయాతోనే నాకు పెళ్లి కుదిరింది, మే నెలకు. "నౌకరి లేని పిల్లగానికి నా బిడ్డనియ్య," అని మామ పెళ్లి మాటల నాడే తేల్చి చెప్పాడు. ఫిబ్రవరిలో, మాదాపూర్‌లో నేను పనిచేసే కాల్‌సెంటర్ మూతబడింది. దొంగలా బీదరు వచ్చి, బయోడేటా జిరాక్స్ తీయించుకోవాలి కనుక శాంతరాజు ఒక్కడికే చెప్పాను.

"పని పోయిందిరా. ఎవ్వరికి చెప్పకు."

"చీ, నేనెందుకు చెప్త?" అంటూనే రెండు కాపీలు అడిగితే ముప్ఫై తీశాడు.

"ఇన్నెందుకురా?"

"మిషను గరం మీదున్నది, ఊకో."

మర్నాడు చర్చిలో కాగితం విప్పాడు. "మా పాల్‌కు ప్రమోషనొచ్చింది. టీమ్ లీడర్ అయిండు. దేవునికి స్తోత్రం!"

ఆ పాల్‌ను నేనే. వెనక బల్ల మీద తల దించుకొని నక్కాను. అబ్బయ్య మామ ఒక మెట్టు తగ్గిస్తూ వేలు మడిచాడు. "అంటే మామూలు నౌకరి. నడుస్తది."

ప్రార్థన అయ్యాక బయట శాంతరాజు గల్లా పట్టుకున్నాను. "దేవుని ముంగట గంత అబద్ధమారా?"

"జర ఆగు. ఖాళీగున్నడని ఉన్నదున్నట్టు చెప్తే, మామ దాంట్లకెల్లి గూడ ఒక మెట్టు తీస్తడు. ఇగ నీకేం మిగుల్తది?"

"మరి నౌకరి యాడున్నది?"

"అది దొరుకుతది. స్తోత్రం అడ్వాన్స్ ఇచ్చిన, అంతే."

ఒళ్లు మండి పది రోజులు అతనితో మాట్లాడలేదు. పదకొండో రోజు హైదరాబాద్ నుంచి జీవరాజ్ ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లి చూస్తే ఆఫీసులో అతని బల్ల మీద నా బయోడేటాలు ఆరు ఉన్నాయి, అన్నీ శాంతరాజు పంపినవే.

"దినాం ఫోను చేసి పానం దీసిండు," అన్నాడు జీవరాజ్. "'చర్చిల చెప్పిన, నన్ను అబద్ధికుణ్ణి చెయ్యకు' అంటడు. టీమ్ లీడర్ ఖాళీ లేదు గని మామూలు నౌకరున్నది. చేస్తవా?"

మామ లెక్క గుర్తొచ్చి ఫక్కున నవ్వాను.

"నవ్వకు. నన్ను మేనేజర్ అన్న దినం నేనేం చేస్తున్ననో ఎరుకేనా? పని లేక, మా ఊరు మంగళగికి పోను మొఖం లేక రూముల పండుకున్న. వాడు పదకొండు మందికి ఫోన్లు చేసి సూపర్‌వైజర్ పని ఇప్పిచ్చిండు. సోనీకి గూడ గంతే. స్తోత్రం ముందుగాల, నౌకరి తర్వాత."

"మరి శ్రీశైల్?"

"ఆనికి ఇంక ఫోన్లు నడుస్తున్నయ్."

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఇన్నేళ్లూ ఇరవైఒక్క మంది పేర్లు చదివినవాడు, ఒక్కసారైనా తన పేరు చదువుకోలేదు.

పెళ్లికి ముందు ఆదివారం, శాంతరాజు జేబులోంచి కాగితం తీసేలోపే నేను లేచాను. మామకు వినబడాలని గట్టిగా చెప్పాను. "ఫిబ్రవరిల నా నౌకరి పోయింది. గిప్పుడున్నది శాంతరాజు వెతికిచ్చింది, మామూలు నౌకరి. మా క్లాస్‌మేట్ శాంతరాజు మా బ్యాచ్‌కంత ప్లేస్‌మెంట్ ఆఫీసరయ్యిండు. దేవునికి స్తోత్రం!"

అబ్బయ్య మామ మెల్లగా వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆడవాళ్ల వైపు లీయా తల వంచుకుంది.

"మామూలు నౌకరని నేనప్పుడే అన్న," అన్నాడు మామ. "నా లెక్క తప్పలె. పెండ్లి గూడ తప్పది." తర్వాత అలవాటుగా వేలు మడవబోయి, శాంతరాజును చూసి ఆగాడు. "ఈనికి మాత్రం ఒక మెట్టు పెంచాలె."

చర్చంతా గొల్లున నవ్వింది. శాంతరాజు ముఖం ఎర్రబడింది.

"కూసోరా పాల్, నా టైమంత తిన్నవ్," అని గొంతు సవరించుకొని కాగితం విప్పాడు. "మా క్లాస్‌మేట్ శ్రీశైల్..."

పాస్టరయ్య గడియారం వైపు చూశాడు.