పసుపులో తేలిన ఎనభై నాలుగు

నా చిన్నప్పుడు చంకలో ఎప్పుడూ ఒక తమ్ముడో చెల్లెలో ఉండేవారు. పలక పట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. అందుకే ఇది ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. ఇక్కడ పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో హిందీ చదువు చదువుతున్న మా మనవరాలూ నేనూ కిందటేడాది ఒకే పుస్తకం ముందేసుకుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాం.

మా వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో చేపల వేట చేసుకునేవారు. పడవల వాళ్లంతా కలిసి చిన్న ఐస్ ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. రెండో మిషను తెచ్చాక పాత ట్రాన్స్‌ఫార్మర్ చాలలేదు. ఒక వ్యాపారి ఓడ మీద ఇంకోటి తెప్పించాడు. వాడినదే, కానీ కొత్త బూడిదరంగు వేసుకుని పెళ్లికొడుకులా ఉంది. వంద కేవీఏ అన్నాడు.

మాలో ఒక పద్ధతి ఉంది. పడవైనా ఇంజనైనా, పసుపు పెట్టి కొబ్బరికాయ కొట్టామంటే అది ఇంటి మనిషి. ఇక తిరిగి ఇవ్వడం ఉండదు. ఆ సంగతి వ్యాపారికీ తెలుసు.

"బేగి కాయ కొట్టీండి భయ్యా, మంచి టైమెల్లిపోతంది" అని మా నాన్నను తొందరపెడుతున్నాడు.

"కాయ కూడా ఆడే తెచ్చీసినాడేటి?" అని మా అమ్మ నా వెనక గొణిగింది.

పక్కింటి తాతయ్య పవర్‌హౌస్‌లో చేసి మానేసినవాడు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. దాన్ని ఎంచుకున్నది మా నాన్న. అందరి ముందూ కాదంటే ఆయన తల వంగుతుంది. అందుకని తాతయ్య ఇంకో దారి పట్టాడు.

"ఆగు బాబూ, పూజకి ముందు మొగం కడగాల గదా. ఓ గుంటా, పసుపట్టుకురా" అని నన్ను పంపాడు.

ట్రాన్స్‌ఫార్మర్‌కి బిగించిన రేకు మీద వంద అని ఉన్న పై వరస ఒక్కటే రంగు లేకుండా మెరుస్తోంది. మిగతా వరసల మీద రంగు పూసేశారు. నా చేత దాని నిండా పసుపు రుద్దించి, గుడ్డతో తుడిపించాడు. లోతుగా కొట్టిన అంకెల్లో పసుపు నిలిచిపోయి, దాక్కున్నవన్నీ తేలాయి.

తాతయ్య కళ్లజోడు సవరించుకున్నాడు. "పైన వంద అంటే ఇది మోసే బరువు. అంత మోసేదయితే, కింద ఇది ఇచ్చే కరెంటు నూట ముప్పైమూడు ఆంపియర్లుండాల. ఇక్కడ ఎనభై నాలుగే ఉంది. ఇది అరవై మూడుదిరా నాయినా. రెండు మిషన్లూ ఏస్తే కాలిపోద్ది."

కాలిపోతే ఐసు లేదు. ఐసు లేకపోతే ఆ పూట పట్టిన చేపంతా మళ్లీ సముద్రంలో పారబోయడమే.

"కంపెనీవాళ్ల గల్తీ చాచా!" అన్నాడు వ్యాపారి.

"మరి కింద వరసలకి రంగెందుకు పూసావు?"

వ్యాపారి రేకు మీది పసుపు వైపు వేలు చూపించాడు. "పసుపు పెట్టీసినారు గదా, ఇంక మీదే" అన్నాడు.

"పెట్టింది తుడిచీసినాం గదా!" అన్నాడు తాతయ్య.

మా నాన్న కొబ్బరికాయ తీసుకెళ్లి వ్యాపారి చేతిలో పెట్టేశాడు.

ఆ అంకెల్లో నాకప్పుడు ఒక్కటీ తెలియదు. కానీ మెరిసే వరసను పక్క వరసలు ఒప్పుకుంటున్నాయా లేదా అని చూడడం మాత్రం ఆ రోజే అంటుకుంది. ఇప్పటికీ గోల్ ఘర్ బజారులో మిక్సీ కొన్నా, మందు సీసా కొన్నా, తిప్పి కింది వరసల్లో అంకెలు చూస్తాను. దుకాణదారు దీదీ దీదీ అని ఎంత ముద్దుగా పిలిస్తే అంత నిదానంగా చూస్తాను.

ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కిచ్చేసిన మర్నాడు పొద్దున్న పరికిణీ అంచున ఇంత పసుపు ముడివేసుకుని, మా చేపలు తూచే సేఠ్ దగ్గరికి వెళ్లాను. తక్కెడ పక్కనున్న తూకపు గుండ్లు ఒక్కొక్కటీ తిప్పి, అడుగున ఏ అంకె దాక్కుందో అని పసుపు రుద్దాను. చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. సేఠ్ మాత్రం నవ్వలేదు.