అడుగు పక్క

మధ్యాహ్నం రెండూ పదికి నూనె డబ్బాకు మూత పెట్టాను. దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను.

నేను చేవెళ్లలో బడిపంతులును. సెలవుల్లో మా అన్నకు వడ్రంగంలో చేయి సాయం చేసేవాణ్ణి. మొయినాబాద్ చుట్టూ పొలాలన్నీ ఫాంహౌసులవుతున్న రోజులవి. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని అక్కడే ఒక రేకుల షెడ్డులో పడవ కట్టించుకున్నాడు, గోవాకు తీసుకుపోవడానికి. అందులోని స్నానాల గదికి, చట్రానికి టేకు పట్టీలు బిగించి, ఎత్తి తీసేలా నేల చేసింది అన్న. నూనె పట్టించకముందే గుండెపోటుతో పోయాడు.

పదమూడో రోజున పడవను తీసుకుపోవడానికి లారీ వచ్చింది. యజమాని ఫోన్ చేసి, "చెక్క పని కాకుంటే వదిలెయ్ భాయ్, ప్లాస్టిక్ మ్యాట్ వేసుకుంట" అన్నాడు. అది అన్న చేతి చివరి పని. తాళంచెవి తీసుకుని షెడ్డుకు వెళ్ళాను.

పట్టీలను మెత్తటి బ్రష్షుతో అడ్డంగా రుద్ది కడిగాను. ఆరాక నూనె పట్టించాను. లారీ డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏందన్నా, సముద్రం మొయినాబాద్‌కే వచ్చేదాక ఆగుమంటవా?"

తాళం వేసి, అతనితో కలిసి చాయ్‌కి వెళ్ళాను. గ్లాసు చేతికి వచ్చాక గుర్తొచ్చింది, అడుగు పక్క మరిచిపోయానని. అన్న ఎప్పుడూ దానికే ముందు పట్టించేవాడు. "నీళ్లు నిలిచేది కిందనే గదరా తమ్మీ. కనవడేది తర్వాత సూస్కుందం" అనేవాడు. అడుగు నానితే ఒక్క వానాకాలానికే నల్లబడుతుంది. ఊడబీకి పారేస్తారు.

చాయ్ వదిలేసి పరుగెత్తాను. ఆ చట్రం ఒక్కడు తిప్పగలిగేది కాదు. డ్రైవరు ఒక కొస పట్టుకున్నాడు, తిరగేశాం.

అడుగంతా నూనె పట్టి ఉంది. ప్రతి పట్టీకి, అంచుల దాకా, సమంగా. ఇంకా తడిగానే ఉంది.

పైనుంచి కారి ఉంటే మరకలు పడేవి. తాళంచెవి నా జేబులోనే ఉంది. షెడ్డుకు వేరే తలుపు లేదు. రెండో తాళంచెవి ఉన్న వదిన ఆ రోజు ఆలూరులో ఉంది.

"నువ్వే పూసి మరిచినవేమో అన్నా. దుఃఖంల గట్లనే అయితది," అన్నాడు డ్రైవరు.

"ఒక్కణ్ణే ఎట్ల తిప్పుత?"

అతను చేతికంటిన నూనెను చూసుకున్నాడు.

ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఆ నేల పడవతోపాటే వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ వడ్రంగం చేయడం లేదు.