పోల్ వన్‌ను తోల్కరమ్మంటే

మొన్న నా డెమో క్లాసు ఎట్లయిందో చెప్త, ఇనుండ్రి. ఉద్యోగం ఉన్నది, ఫికర్ చెయ్యకుండ్రి. పరువే జర అటీటైంది.

లక్సెట్టిపేటల నేను గెస్ట్ లెక్చరర్‌నని మీకెరుకే. మళ్ల ఏడాదికి ఉండాలంటే బయటినుంచి వచ్చిన ఎక్స్‌పర్ట్ మేడం ముందట డెమో ఇయ్యాలె. పాఠం చెప్పుడు తప్ప నాకు వేరే పని రాదు. అది పోతే ఏం జెయ్యాల్నని వారం నుంచి నిద్ర లేదు.

టాపిక్ ఏందంటే, మన కణాలల్ల రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ జీన్లు పని ఎట్ల మొదలుపెడ్తయని. బోర్డు మీద చెప్తే పిల్లలు కునుకుతరని నాటకం కట్టిన. నేల మీద పరిచిన నవారు డీఎన్‌ఏ. దాని మొదట్ల ప్రమోటర్, అంటే పని షురూ అయ్యే జాగ. ఆడ యూబీఎఫ్ అనే ప్రోటీన్ డీఎన్‌ఏను వంచి పట్టుకుంటది, ఎస్‌ఎల్ వన్ అనే ప్రోటీన్ల జట్టు దాని పక్కన కుదురుకుంటది. ఇద్దరమ్మాయిలు అట్లనే కూసున్నరు. ఇగ అసలు ఆర్‌ఎన్‌ఏ తయారుచేసేది పాలిమరేజ్ వన్. మేం పోల్ వన్ అంటం. అది ఒంటిగ వస్తే పని షురూ కాదు. ఆర్‌ఆర్‌ఎన్ త్రీ అనే ఇంకో ప్రోటీన్ దానికి తోడుపడి తోల్కొచ్చి, ఎస్‌ఎల్ వన్‌కు అప్పజెప్పాలె. పని మొదలైనంక అది విడిచి పోతది.

పోల్ వన్ వేషమేసిన సౌమ్యను, ఆర్‌ఎన్‌ఏ లెక్క కాగితం రిబ్బన్ ఇచ్చి వరండాల నిలబెట్టిన. ఆర్‌ఆర్‌ఎన్ త్రీ కావాల్సిన పిల్లకు జరమొచ్చింది. దిక్కులేక మా అటెండర్ లచ్చన్నను, చెప్పినోళ్లను తోల్కొచ్చి ఎస్‌ఎల్ వన్ పక్కన నిలబెట్టి పొమ్మని బతిమిలాడిన. మేడం ముందట గట్టిగనే చెప్పిన, "లచ్చన్నా, పోల్ వన్‌ను తోల్కరా" అని.

లచ్చన్న పోయి, కాలేజీ ఊడ్చే పోలవ్వను తోల్కొచ్చిండు.

చెయ్యి పట్టుకొని తెచ్చి, ఎస్‌ఎల్ వన్ పక్కన నిలబెట్టి, బుద్ధిగ బయటికి పోయిండు. ఆర్‌ఆర్‌ఎన్ త్రీ చెయ్యాల్సిన పని ఒక్కటి తప్పలే. మేడం తలాడించుకుంట రాసుకుంటాంది. ఇప్పుడు ఆపితే ఉద్యోగం పాయె అనుకొని, "అవ్వా, గా నవారు పొంటి జర నడువు" అన్న.

పోలవ్వ కిందికి చూసింది. ఊడ్చిన నేల మీద నవారు పారేసిన్రని కోపమొచ్చినట్టుంది. నడుచుకుంట, నడుచుకుంట మొత్తం చుట్టింది. ఉండ చంకల పెట్టుకొని పోయింది. అప్పుడు రిబ్బన్ పట్టుకొని సౌమ్య లోపలికొచ్చింది. వస్తే ఏమున్నది, క్లాసుల జీనే లేదు.

మేడం కళ్లద్దాలు తీసి, ఏం అర్థమైందని పిల్లలను అడిగింది. ముందు బెంచి అమ్మాయి లేచి యూబీఎఫ్ కాన్నుంచి వరుసగ అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు. నాకు పానం లేచొచ్చింది. ఆఖరికి, "ఆర్‌ఆర్‌ఎన్ త్రీ పోయి పోలవ్వను తోల్కొస్తది మేడం" అన్నది.

మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకొనే సంతకం చేసింది.

ఉద్యోగం నిలబడ్డది. అప్పటిసంది కాలేజీల అందరు నన్ను పోలవ్వ మేడం అంటున్నరు. నేనేమో సర్దుకున్న. పోలవ్వే పరేషానైతాంది. నిన్న పక్కకు పిలిచి, "నా పేరు ఖరాబైతాంది బిడ్డా" అన్నది.